10 కిలోల కాకరకాయకు 600 గ్రాముల వరుగు

కూరగాయలు ఎండబెట్టి అమ్ముదామనుకునే రైతును ముందుగా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 10 కిలోల కాకరకాయ కోస్తే వరుగు ఎంత వస్తుంది? చాలామంది కిలో అంటారు. కొందరు ధైర్యం చేసి రెండు కిలోలంటారు. వచ్చేది 600 గ్రాములు. ఈ అంకె తెలియకుండా డ్రయర్ కొంటే మూడో నెలకి అది మూలపడి, దాని మీద ఖాళీ గోనెలు ఆరేసుకోవడానికి పనికొస్తుంది.

లెక్క ఇలా వేసుకోవాలి. 10 కిలోల కాయలో తొడిమలు, ముదిరిన గింజలు, పుచ్చులు పోగా చేతికొచ్చేది 8 కిలోలు. కాకరలో నూటికి 93 పాళ్లు నీరే కాబట్టి ఆ 8 కిలోల్లో అసలు సరుకు 560 గ్రాములు. వరుగులో 7 శాతం తేమ ఉంచుతాం. 560ని 0.93తో భాగిస్తే 600. బెండ కాస్త నయం. నీరు 90 శాతం, కోతలో పోయేది తక్కువ, 10 కిలోలకు 950 గ్రాముల దాకా దిగుతుంది. టమాటా మరీ అన్యాయం, 600 కూడా రాదు. కరివేపాకులో నీరు 65 శాతం దగ్గరే ఉంటుంది కనుక ఒలిచిన ఆకు 3 కిలోలు పోస్తే కిలో పైచిలుకు వస్తుంది. ఏ కూరగాయ తీసుకున్నా ముందు ఈ లెక్క వేయాలి, తర్వాతే మిషన్ సంగతి.

ఇప్పుడు డబ్బు లెక్క. కాకర ధర పడిపోయి పొలం దగ్గర కిలో 12 రూపాయలు పలుకుతోందనుకుందాం. 10 కిలోలకు 120. శుభ్రం చేసి, గింజ తీసి, చక్రాలు కోయడానికి ఒక మనిషికి 3 గంటలు పడుతుంది, గంటకు 50 చొప్పున 150. కరెంటు 70, ఉప్పూ పసుపూ 10. 100 గ్రాముల పౌచ్‌లు ఆరు, లేబుల్‌తో కలిపి ఒక్కోటి 7, మొత్తం 42. అన్నీ కలిపితే 392. అంటే 100 గ్రాముల ప్యాకెట్ తయారవడానికే 65 రూపాయలు. ఎమ్మార్పీ 110 వేసి, దుకాణదారుకు పాతిక శాతం వదిలితే మన చేతికి 82 రూపాయల 50 పైసలు. ఆరు ప్యాకెట్లకు 495, అందులో ఖర్చు పోగా 103 మిగులుతుంది. కిలో కాయకు పదిరూపాయలు అదనం, కోత కూలి కూడా ఇంట్లోనే ఉంటుంది. బాగానే ఉంది.

అదే లెక్కను తిరగేసి చూడండి. కాయ కాక మిగతా ఖర్చు 272. 495లోంచి అది తీసేస్తే 223. దాన్ని 10 కిలోలకు పంచితే 22 రూపాయల చిల్లర. అంటే కాకర కిలో 22 దాటిన రోజున వరుగు చేస్తే నష్టం, ఆ రోజు కాయను కాయగానే అమ్మేయాలి. ప్రతి సరుకుకూ ఇలాంటి గీత ఒకటుంటుంది. దాన్ని గోడ మీద సున్నంతో రాసి పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే డ్రయర్ కొన్నాక దాన్ని ఖాళీగా ఉంచడానికి మనసొప్పదు, ధర ఎక్కువున్నప్పుడు కూడా ఎండబెట్టేస్తారు. ఇంకో సంగతి. ఆరు ప్యాకెట్లలో ఒక్కటి మెత్తబడి వెనక్కొస్తే 82 రూపాయలు పోతాయి, 103 కాస్తా 20 అవుతుంది. ఈ వ్యాపారంలో లాభమంతా ఆ ఆరో ప్యాకెట్‌లో ఉంది. కిందంతా రాస్తున్నది ఆ ఆరో ప్యాకెట్‌ను కాపాడుకోవడం గురించే.

దానికంటే ముందు ఖర్చు లేని పని ఒకటి. కోసిన కాయను చెట్టు కిందే మూడు కుప్పలు చేయండి. తిన్నగా, లేతగా, ఒకే సైజులో ఉన్నవి మొదటి కుప్ప, అవి విశాఖలోని ఎంవీపీ కాలనీ, సీతమ్మధార రైతుబజార్లకో మధురవాడ అపార్ట్‌మెంట్లకో తాజాగానే వెళ్లాలి. వంకరవి, పొట్టివి, పైన చిన్న గీతలు పడ్డవి రెండో కుప్ప, శుద్ధి చేయాల్సింది ఇవే. పుచ్చులు, పండినవి, కుళ్లు మొదలైనవి మూడోది, అవి పశువులకు గానీ ఎరువు గుంతకు గానీ. కుప్పలు కలిపి అమ్మితే మొత్తం సరుకుకు అధ్వాన్నపు కాయ ధరే కడతారు. మిషన్ లేకుండా వచ్చే మొదటి అదనపు ఆదాయం ఇదే. పుచ్చు కాయను పచ్చడిలో దాచేయొచ్చనుకునే వాళ్లు కొందరుంటారు. పురుగు తొలిచిన చోట బూజు విత్తనం ఉంటుంది, నూనె కింద కూడా అది చావదు.

విశాఖ గాలి సంగతి

అనంతపురంలోనో కర్నూలులోనో డాబా మీద రెండు రోజుల్లో గలగలలాడే వరుగు మన దగ్గర నాలుగో రోజుకు కూడా తోలులా సాగుతుంది. ఎండ తక్కువై కాదు, గాలిలో నీరు ఎక్కువై. సముద్రం పక్కన గాలి తేమ 70, 80 శాతం దగ్గర ఉంటుంది. పగలంతా ఎండి, రాత్రి డాబా మీదే వదిలేసిన వరుగు తెల్లారేసరికి పోగొట్టుకున్న నీటిలో కొంత మళ్లీ తాగేస్తుంది. చోడవరం, దేవరాపల్లి వైపు లోపలికి వెళ్లేకొద్దీ కాస్త మెరుగు, భీమిలి వైపు కష్టం ఎక్కువ.

దీనికి విరుగుడు గాలిని వేడి చేయడం. 32 డిగ్రీల దగ్గర 75 శాతం తేమతో ఉన్న గాలినే 50 డిగ్రీలకు తెస్తే దాని సాపేక్ష తేమ 29 శాతానికి పడిపోతుంది. 60కి తెస్తే 18. గాలిలో ఉన్న నీటి చుక్క ఒక్కటి కూడా తగ్గలేదు, కానీ ఆ గాలికి దాహం పెరిగింది. ఫ్యాన్ ఒక్కటే పెట్టి ఎండబెట్టాలనుకునే వాళ్లు ఇది గమనించాలి. చల్లని తేమ గాలిని ఎంత విసిరినా వరుగు ఒక స్థాయి దాటి ఎండదు.

సోలార్ డ్రయర్ అంటే ఈ వేడిని పట్టుకునే పెట్టె, అంతే. 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఇనుప చట్రం, పైన ఎండకు చెడని 200 మైక్రాన్ల యూవీ ప్లాస్టిక్ షీటు, అడుగున నల్ల రంగు వేసిన రేకు. కింది వైపు గాలి లోపలికొచ్చే కంతలకు దోమతెర, పై చివర వేడి గాలి పోయే గొట్టం. లోపల బయటి కంటే 15, 20 డిగ్రీలు ఎక్కువ వేడి నిలవాలి. చదరపు మీటరుకు 3 నుంచి 4 కిలోల ముక్కలు మించకూడదు. ఊళ్లలో కట్టించుకున్న వాటిలో తరచుగా కనిపించే తప్పు పై గొట్టం ఉండకపోవడం. వేడి పోతుందని మూసేస్తారు. నీటి ఆవిరి బయటికి పోయే దారి లేక షీటు లోపలి వైపు చెమట పట్టి ముక్కల మీదే కారుతుంది. షీటు మీద నీటి బొట్లు కనిపిస్తే గొట్టం చాలట్లేదనే అర్థం.

సోలార్‌ను జనవరి నుంచి మే దాకా నమ్ముకోవచ్చు. జూన్ నుంచి నైరుతి, ఆ తర్వాత అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ నెలల్లో డాబా మీది డ్రయర్‌కు తాళ్లు కట్టడం ఎండబెట్టడం కంటే ముఖ్యం. వానాకాలం కూడా పని నడవాలంటే కరెంటు ట్రే డ్రయర్ కావాలి. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి సిద్ధాంతం ప్రకారం 0.65 యూనిట్లు చాలు, కానీ గోడల్లోంచి, బయటికి పోయే గాలిలోంచి వేడి పోతుంది కనుక రెట్టింపు వేసుకోవాలి. 8 కిలోల కాకర ముక్కలు 600 గ్రాములవడానికి 7.4 లీటర్లు పోవాలి, అంటే 10 యూనిట్లు. యూనిట్‌కు 7 రూపాయలు అనుకుంటే పైన రాసిన 70 అదే. పగలు సోలార్‌లో సగం దాకా లాగి, చివరి సగం కరెంటులో ముగిస్తే బిల్లు సగానికి దగ్గరవుతుంది. చివరి సగమే ఎందుకంటే ఎండకు లొంగని మొండి తేమ అప్పుడే ఉంటుంది.

కాకర వరుగు, మొదటి నుంచి చివరి దాకా

కాయను పారే నీళ్లలో కడిగి, రెండు చివరలూ తీసి, 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందంలో చక్రాలు కోయాలి. చిప్స్ కోసే చెక్క పీట కంటే స్టీలు బ్లేడు స్లైసర్ మేలు, మందం అన్నిటికీ ఒకేలా వస్తుంది. మందం తేడాగా ఉంటే పల్చనివి మాడతాయి, మందపాటివి పచ్చిగా ఉంటాయి, రెండూ ఒకే ప్యాకెట్‌లో పడితే పచ్చివి ఎండినవాటికి తేమ అంటిస్తాయి.

కిలో ముక్కలకు 20 గ్రాముల ఉప్పు, 3 గ్రాముల పసుపు పట్టించి అరగంట ఉంచితే నీరు ఊరుతుంది, చేదు కొంత అందులోనే పోతుంది. పిండేయకుండా వడకట్టండి. ఆ తర్వాత మరిగే నీళ్లలో రెండు నుంచి మూడు నిమిషాలు. కిలో ముక్కలకు 5 లీటర్ల నీళ్లుండాలి, లేకపోతే ముక్కలు పడగానే నీళ్ల మరుగు ఆగిపోయి సగం ఉడికి సగం ఉడకని పరిస్థితి వస్తుంది. తీసిన వెంటనే చల్లటి నీళ్లలో ముంచి, చిల్లుల బుట్టలో నీళ్లు ఓడ్చాలి. ఈ మెట్టును బద్ధకంతో వదిలేసేవాళ్లే ఎక్కువ. వదిలేస్తే ఆ రోజుకు తేడా తెలియదు. కాయలోని ఎంజైములు బతికే ఉండి, రెండో నెలకు ప్యాకెట్ విప్పగానే ఎండుగడ్డి వాసన కొడుతుంది, ఆకుపచ్చ కాస్తా గోధుమ రంగవుతుంది.

ట్రేలో ఒకే పొర పరవాలి, చదరపు మీటరుకు 4 కిలోలు. 80 బై 60 సెంటీమీటర్ల ట్రేలు నాలుగైతే 8 కిలోలకు సరిపోతాయి. మొదటి 3, 4 గంటలు 60 డిగ్రీలు, ఆ తర్వాత 55. మొత్తం 8 నుంచి 10 గంటలు. గంటన్నరకోసారి పై ట్రే కిందికి, కిందిది పైకి మార్చాలి, వేడి గాలి తాకే ట్రే ముందు ఎండుతుంది. తొందరపడి మొదట్లోనే 75, 80 పెడితే ముక్క పైన పెచ్చు కడుతుంది. పైన గట్టిపడి, లోపలి నీరు బయటికి రాలేక చిక్కుకుంటుంది. చేత్తో తడిమితే గలగలలాడుతుంది, ప్యాకెట్ చేసిన పది రోజులకు మెత్తబడి, ఇరవయ్యో రోజుకు తెల్లని బూజు. కస్టమర్ ఫోటో తీసి పంపేది సరిగ్గా ఆ ప్యాకెట్‌నే.

ఎండిందో లేదో చూడటానికి విరిచి చూస్తారు, టక్కుమని విరగాలి. వేడిగా ఉన్నప్పుడు విరవొద్దు, వేడి ముక్క ఎండినా సరే వంగుతుంది, రెండు నిమిషాలు చల్లార్చి విరవండి. దానికంటే నమ్మకమైనది తూకం. ఒక చిన్న ట్రేలో సరిగ్గా 100 గ్రాముల ముక్కలు వేరుగా పెట్టి, దాని మీద గుర్తు వేసుకోండి. చివర్లో గంటకోసారి తూచండి. రెండు తూకాల మధ్య తేడా గ్రాముకు లోపు వచ్చి, బరువు 8 గ్రాముల చుట్టుపక్కల నిలిస్తే అయిపోయినట్టే, పట్టిన ఉప్పు వల్ల అర గ్రాము అటూ ఇటూ అవుతుంది. ఇందుకు గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా కావాలి, కూరగాయల కాటా పనికిరాదు.

డ్రయర్‌లోంచి తీసిన వరుగును వెంటనే చిన్న ప్యాకెట్లు చేయకండి. చల్లారగానే మూతున్న స్టీలు డబ్బాలో మూడింట రెండొంతులు నింపి, 5 నుంచి 7 రోజులు ఉంచి, రోజూ ఒకసారి కుదపాలి. ఎక్కువ ఎండినవి, తక్కువ ఎండినవి తేమను సమానంగా పంచుకుంటాయి. డబ్బా లోపలి గోడ మీద మసక పట్టిందా, మొత్తం మళ్లీ డ్రయర్‌కు వెళ్లాల్సిందే. డబ్బా ఖర్చు లేదు, ఓపిక ఖర్చు మాత్రమే. ఎండలో ఎండబెట్టిన సరుకైతే ఈ దశలో 70 డిగ్రీల దగ్గర అరగంట వేడి చేయాలి, ఈగలు పెట్టిన గుడ్లు ఏవైనా ఉంటే దాంతో పోతాయి.

ప్యాకింగ్ చేసే గంట కూడా లెక్కే. తెల్లవారుజామున, రాత్రిపూట గాలి తేమ ఎక్కువ. మధ్యాహ్నం 12 నుంచి 3 మధ్య, తలుపులు మూసిన గదిలో, ఒక్కో డబ్బా విప్పి అయ్యాకే రెండోది విప్పుతూ చేయాలి. పళ్లెంలో పోసి భోజనానికి వెళ్తే వచ్చేసరికి వరుగు కరకర పోతుంది. మామూలు పారదర్శక కవర్లు తేమను ఆపలేవు. నెలా నెలన్నరలో అమ్ముడయ్యే సరుకైతే సరే, లేదంటే లోపల అల్యూమినియం పొర ఉన్న లామినేటెడ్ పౌచ్ తీసుకోండి. సీల్ సరిగ్గా పడిందో లేదో తెలుసుకోవడానికి బకెట్ నీళ్లలో పౌచ్ ముంచి నొక్కండి, బుడగలొస్తే సీలర్ వేడి చాలలేదు లేదా సీల్ పడే చోట ఉప్పు, పొడి అంటుకుంది. రోజుకు మొదటి ఐదు ప్యాకెట్లైనా ఇలా చూడాలి.

ఊరమిరపకాయలు, వడియాలు

మొదటిసారి మొదలుపెట్టేవాళ్లకు కాకర కంటే ఊరమిరపకాయలు మేలని నా అభిప్రాయం. ఉప్పూ పెరుగూ కూడా బరువులో కలుస్తాయి కనుక 10 కిలోల పచ్చిమిరపకు రెండు కిలోల పైనే వస్తుంది. ఉప్పు ఉండటం వల్ల చిన్న పొరపాట్లను ఓర్చుకుంటుంది. కొనేవాళ్లకు వాడటం నేర్పనక్కర్లేదు. కారం తక్కువున్న, తోలు మందంగా ఉన్న లేత ఆకుపచ్చ రకం తీసుకోండి. కిలో కాయకు 100 గ్రాముల కల్లుప్పు, పుల్లటి పెరుగు లీటరు, ఇష్టమైతే వాము. తొడిమ తీయకూడదు, తీస్తే వేయించేటప్పుడు నూనె లోపలికి పోయి చిట్లుతుంది. గాటు మాత్రం కాయ మధ్యలో మొదలై కొన దాకా దిగాలి. అక్కడే అందరూ తప్పు చేస్తారు. పైపైన చీలిస్తే మజ్జిగ కొన వరకూ చేరదు, గింజల గూడు తడిగా ఉండిపోతుంది, బయటికి చక్కగా తెల్లబడిన కాయను విరిస్తే లోపల నల్లని బూజు ఉంటుంది.

మొదటి రెండు రోజులూ మజ్జిగలోనే ఊరనిచ్చి, మూడో రోజు నుంచి పగలు ఎండ, సాయంత్రం మళ్లీ మజ్జిగ. మజ్జిగంతా కాయలే పీల్చుకున్నాక ఇక ఎండ ఒక్కటే, మొత్తం ఐదారు రోజులు. పాత్ర స్టీలుది గానీ జాడీ గానీ, ఇనుము, అల్యూమినియం వద్దు, పులుపుకు లోహం దిగి నలుపెక్కుతుంది. మధ్యలో వాన పట్టిందనుకోండి, సగం ఎండిన కాయల్ని టార్పాలిన్ కింద కుప్ప పోయడం అన్నిటికంటే చెడ్డ పని, ఒక్క రాత్రిలో వేడెక్కి జిగురొస్తుంది. మిగిలిన మజ్జిగలో మరికొంచెం ఉప్పు కలిపి కాయల్ని అందులోనే మునిగేలా ఉంచండి, లేదా 55 డిగ్రీల ట్రే డ్రయర్‌లోకి మార్చేయండి.

బూడిద గుమ్మడి వడియాల లెక్క వేరు. అక్కడ బరువు గుమ్మడిది కాదు, మినప్పప్పుది. కాయను చిన్న ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి, పల్చటి బట్టలో మూటకట్టి పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాలి. పొద్దున్నకి నీళ్లు ఓడిపోతాయి. కిలో ముక్కలకు పావు కిలో నుంచి అర కిలో పప్పు, నానబెట్టి గట్టిగా రుబ్బినది. పిండిలో గాలి నిండిందో లేదో చూడటానికి చిటికెడు పిండి నీళ్ల గిన్నెలో వేయండి, తేలాలి. మునిగితే వడియం రాయిలా అవుతుంది, నూనెలో పొంగదు. రుబ్బేటప్పుడు నీళ్లు ఎక్కువ పోస్తే బట్ట మీద చదునుగా పరుచుకుంటుంది. పప్పు ధర పెరిగినప్పుడు వడియం ధర పెంచకుండా గుమ్మడి పాలు పెంచేవాళ్లున్నారు, ఆ వడియం కొన్నవాళ్లు రెండోసారి రారు.

టమాటా విషయంలో ఒక హెచ్చరిక

టమాటా ధర కుప్పకూలగానే అందరికీ సాస్ గుర్తొస్తుంది. దాని జోలికి వెళ్లవద్దు. కెచప్ అనాలంటే కరిగిన ఘనపదార్థం కనీసం 25 శాతం ఉండాలన్నది ఆహార భద్రతా ప్రమాణం. దాన్ని కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కావాలి. పెద్ద కంపెనీలు టన్నుల లెక్కన పేస్టు కొని చేసే సరుకుతో చిన్న రైతు ధరలో నిలబడలేడు. గుజ్జు నిల్వ చేసి హోటళ్లకు ఇవ్వడం సాధ్యమే. కిలో గుజ్జుకు రెండున్నర నుంచి 3 గ్రాముల సిట్రిక్ యాసిడ్ కలపాలి, 85 డిగ్రీలకు తగ్గకుండా వేడి వేడిగా గాజు సీసాల్లో నింపాలి, మూత బిగించి అర లీటరు సీసాలను మరిగే నీళ్లలో 35 నుంచి 40 నిమిషాలు ఉంచాలి. టమాటా పీహెచ్, అంటే పులుపు కొలత (అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు), కాయను బట్టి మారుతుంది, ఒక్కోసారి 4.6 కూడా దాటుతుంది. 4.6 దాటితే బొటులిజం, అంటే మూసిన సీసాలో పెరిగే క్రిమి విషంతో ప్రాణం తీసే జబ్బు, దాని ప్రమాదం మొదలవుతుంది, అందుకే పులుపు కలపడం రుచి కోసం కాదు, ప్రాణం కోసం. సిట్రిక్ యాసిడ్ తూకం వేయకుండా చెంచా అంచనాతో కలిపేవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు.

మన దగ్గర అమ్ముడయ్యేది నిల్వ పచ్చడి. కిలో గట్టి పండు టమాటాకు 100 గ్రాముల ఉప్పు, 100 గ్రాముల చింతపండు, 100 గ్రాముల కారం, చెంచాన్నర వేయించిన మెంతి పొడి, పావు కిలో నువ్వుల నూనె. కాయలు కడిగి బట్టతో తుడిచి పూర్తిగా ఆరాకే కోయాలి. ఉప్పూ పసుపూ కలిపి రెండు రోజులు జాడీలో ఊరబెట్టి, మూడో రోజు ముక్కలు పిండి ఎండలో వేసి, ఊటలో చింతపండు నాననివ్వాలి. ముక్క ముడుచుకుని, పిండితే నీరు రాని దశకు వచ్చాక రుబ్బాలి. సరిగ్గా చేస్తే కిలో కాయకు 950 గ్రాముల పచ్చడి వస్తుంది, ఉప్పు పది శాతం పైన నిలుస్తుంది. పోపు చల్లారాకే కలపండి, వేడి నూనెకు కారం మాడి రంగు నల్లబడుతుంది. వెల్లుల్లిని నూనెలో విడిగా తేలనివ్వకుండా పుల్లటి ముద్దలో కలిసేలా చూడండి. పీహెచ్ చూడాలంటే నూనె కలపకముందే మీటర్‌తో చూడాలి, పేపర్ కారం రంగుకే ఎర్రబడిపోతుంది. నూనె పచ్చడి అన్నాక సీసాలో పైన అర సెంటీమీటరు నూనె తేలాలి, లేదా మొత్తంలో నూనె 10 శాతమైనా ఉండాలి, ఇదీ ప్రమాణమే. మూత ఉబ్బిన సీసా కనిపిస్తే పైపైన తీసి మిగతాది వాడేద్దామనుకోకండి, మొత్తం పారబోయాల్సిందే.

ఎవరూ మాట్లాడని సంగతి పురుగుమందు. 10 కిలోలు 600 గ్రాములైనప్పుడు నీరు పోతుంది, మందు అవశేషం చాలావరకు ఉండిపోతుంది. తాజా కాయలో పరిమితికి లోపున్నది వరుగులో చిక్కబడి పరిమితి దాటొచ్చు. మందు డబ్బా మీద రాసిన, కోతకు ముందు ఆగాల్సిన రోజులు కచ్చితంగా ఆగాలి, ఎండబెట్టే సరుకుకు ఇంకా ఎక్కువ. కరివేపాకు పొడి చేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం, దాని మీద మందు ఎక్కువగానే కొడతారు. బయట కొన్న ఆకుతో పొడి చేయొద్దు, సొంత చెట్టుదైతేనే.

కాగితాలు, అమ్మకం

ఆహార భద్రతా చట్టం 2006 నాటిది. ఇంట్లో చేసినా అమ్మితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న స్థాయి వాళ్లకు లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు, ఆహార భద్రతా సంస్థ వాళ్ల ఫాస్‌కాస్ పోర్టల్‌లో చేసుకోవచ్చు. వచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. దాంతో పాటు పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకు వరసగా, నికర బరువు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోను, ఆకుపచ్చ చుక్క. ప్యాకెట్ మీద 100 గ్రాములని రాసి తక్కువ తూగితే తూనికలు కొలతల శాఖతో చిక్కు రావచ్చు, కనుక 102 వేయండి.

సబ్సిడీ సంగతి. 2020లో మొదలైన కేంద్ర సూక్ష్మ ఆహార శుద్ధి పథకం, అందరూ పీఎంఎఫ్ఎంఈ అనేది, యూనిట్ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తుంది. స్వయం సహాయక సంఘం సభ్యులకు పనిముట్లు, చేతి పెట్టుబడి కోసం ఒక్కొక్కరికి 40,000 దాకా. దరఖాస్తుకు ముందు పథకం ఇంకా నడుస్తోందో లేదో, ప్రస్తుత నిబంధనలు ఏమిటో ఉద్యాన శాఖ దగ్గర అడగండి. గుర్తుంచుకోవాల్సింది, ఇది బ్యాంకు అప్పుకు ముడిపడ్డ సబ్సిడీ. డబ్బు చేతికి రాదు, అప్పు మూడేళ్లు సక్రమంగా కట్టాక అప్పులో సర్దుతారు. సబ్సిడీ చూసి పెద్ద మిషన్ కొనకండి, 50 కిలోల డ్రయర్‌కు రోజూ 50 కిలోల రెండో రకం కాయ దొరుకుతుందో లేదో ముందు నెల రోజులు నోట్‌బుక్‌లో రాసి చూసుకోండి. శిక్షణకు అనకాపల్లి జిల్లాలోనే రాంబిల్లి మండలం హరిపురంలో, బుచ్చయ్యపేట మండలం కొండెంపూడిలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి.

అమ్మకంలో దుకాణానికి వదిలే పాతిక శాతం మిగిలించుకోవాలంటే రైతుబజారులో తాజా కూరల పక్కనే పెట్టి అమ్మడం తేలిక దారి. కాకర కొనే మనిషికే కాకర వరుగు చూపించడం కంటే మంచి ప్రకటన లేదు. అక్కడే నాలుగు వేయించి గిన్నెలో పెడితే చాలు. అమెరికా వెళ్లే పిల్లలకు పంపేవాళ్లు అర కిలో ప్యాకెట్లు అడుగుతారు, పచ్చడి నూనె కారకుండా పౌచ్ మీద పౌచ్ వేయమంటారు, దానికి అదనంగా ఇవ్వడానికి వాళ్లు వెనకాడరు.

ఎప్పటిలోగా వాడాలన్న తేదీ పక్క కంపెనీ లేబుల్ చూసి కాపీ కొట్టకండి. ప్రతి బ్యాచ్ నుంచి మూడు ప్యాకెట్లు అమ్మకుండా వంటింటి అల్మారాలో పెట్టండి, ఫ్రిజ్‌లో కాదు, కొన్నవాళ్లు పెట్టే చోటే. మొదటిది 30వ రోజు, రెండోది 60వ రోజు, మూడోది 90వ రోజు విప్పి, తూచి, విరిచి, వేయించి చూడండి. 60వ రోజుకు ప్యాక్ చేసిన నాటి బరువు మీద 3 గ్రాములు పెరిగాయంటే పౌచ్ గాలిలోని తేమ పీలుస్తోందన్నమాట, ఆ సరుకు మీద నెలన్నరకు మించి తేదీ వేయకూడదు.